రెండో బోర్డు దగ్గర ఆగిన చేతులు

2011. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతున్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో, ఒక సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్ పై అంతస్తులో, నేను క్యాసినో డీలర్లకు శిక్షణ ఇచ్చేదాన్ని. బయట పేరు మాత్రం 'గేమింగ్ ఆపరేషన్స్ ట్రైనింగ్' అని రాయించాను. క్యాసినో అన్న మాట కనిపిస్తే ఇంటి ఓనరు గది కిరాయికి ఇచ్చేవాడు కాదు. దాంతో వీడియో గేములు తయారుచేయడం నేర్పుతారనుకుని ఎవరో ఒకరు మెట్లెక్కి రావడం, ఆకుపచ్చ గుడ్డ పరిచిన పెద్ద టేబుల్‌నీ పేక కట్టల్నీ చూసి, నన్ను ఎగాదిగా చూసి, చెప్పకుండా దిగిపోవడం మామూలే.

అంతకు ముందు చాలా ఏళ్ళు గోవాలో, నది మీద నిలిపిన క్యాసినో పడవలో పోకర్ డీలర్‌గా, తర్వాత ఫ్లోర్ సూపర్‌వైజర్‌గా చేశాను. డీలర్ అంటే పేకాడే మనిషి కాదు, పంచే మనిషి. ముక్కలు పంచుతుంది, చూస్తుంది, గెలిచినవాళ్ళ వైపు చిప్స్, అంటే డబ్బుకు బదులు వాడే బిళ్ళల్ని, నెడుతుంది, అంతే. తాను పనిచేసే చోట ఆడిందంటే ఉద్యోగం ఊడుతుంది. ఈ సంగతి మా బంధువులకు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో కనిపిస్తే ఈసారి ఎంత గెలిచావు విజయా అని అడుగుతారు.

పోకర్ తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. మన రమ్మీలో ఎవరి ముక్కలు వాళ్ళవి. పోకర్‌లో ఒక్కొక్కరి చేతిలో కొన్నే ముక్కలుంటాయి, అవి మూసి ఉంటాయి. వాటితోపాటు అయిదు ముక్కలు టేబుల్ మధ్యలో అందరికీ ఉమ్మడిగా, ముఖం పైకి పెట్టి పరుస్తాం. ఆ వరసనే బోర్డు అంటారు. మొదట మూడు ఒకేసారి, తర్వాత నాలుగోది, ఆఖరున అయిదోది. ప్రతిసారీ పరిచే ముందు కట్ట మీది ముక్కను ఎవరూ చూడకుండా పక్కన పడేయాలి. దాన్ని బర్న్ అంటారు. పై ముక్క వెనక ఏదైనా గుర్తుండి, ఎవరైనా కనిపెట్టి ఉంటే, ఆ లాభం వాళ్ళకు దక్కకూడదని ఈ ఏర్పాటు.

ఇద్దరు ఆటగాళ్ళు తమ చిప్స్ అన్నీ మధ్యలోకి తోసేశారనుకోండి. ఇంకా రెండు ముక్కలు రావాలి. అంతా ఒక్క దెబ్బతో తేలిపోకూడదని ఇద్దరూ అనుకుంటే, మిగిలిన ముక్కల్ని రెండుసార్లు పరవమని అడగొచ్చు. రన్ ఇట్ ట్వైస్ అంటారు. పైన ఒక బోర్డు, దాని కింద ఇంకో బోర్డు. పై బోర్డు గెలిచినవాడికి సగం, కింది బోర్డు గెలిచినవాడికి సగం.

ఇక్కడే హౌస్ రూల్స్ వచ్చి కూర్చుంటాయి. హౌస్ అంటే ఆ క్యాసినో, రూల్స్ అంటే ఆ ఇంటి పద్ధతి. ఒక హౌస్ అసలు రెండుసార్లు పంచనివ్వదు. ఇంకో హౌస్‌లో ఇద్దరూ నోరు తెరిచి సరేననాలి, తల ఊపితే చాలదు. ఒక్క ముక్క పడ్డాక మాట మార్చుకోవడానికి లేదు. చాలా చోట్ల పై బోర్డు పూర్తిగా అయ్యాకే కింది బోర్డు మొదలుపెట్టాలి, ప్రతి ముక్క ముందూ బర్న్ చేయాలి. ఇది కాక డబుల్ బోర్డ్ అని వేరే ఆట ఉంది. అందులో మొదటి నుంచీ రెండు బోర్డులు కలిసే నడుస్తాయి. ఒక్క బర్న్, పైన ముక్క, వెంటనే కింద ముక్క. చూసేవాడి కంటికి రెండూ ఒకటే. పంచే చేతికి మాత్రం రెండూ వేరు వేరు దారులు.

మా క్లాసులో సగం మంది నల్లగొండ వైపు నుంచి వచ్చినవాళ్ళ పిల్లలు, సగం మంది కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ పిల్లలు. ఒక్క కట్టలోంచి రెండు బోర్డులు అని చెప్పిన రోజున వాళ్ళు ఎంత నవ్వుకున్నారో, దేని గురించి నవ్వుకున్నారో నేను వేరే చెప్పక్కర్లేదు. టేబుల్ మీద రాజకీయం వద్దని కసిరాను గానీ నాకూ నవ్వు వచ్చింది.

ఆ బ్యాచ్‌లో సువార్త అనే అమ్మాయి ఉండేది. మీర్‌పేట్‌లో ఇల్లు. వాళ్ళ నాన్న దేవదానం ఆర్టీసీ డిపోలో మెకానిక్, వాళ్ళ చర్చిలో పెద్ద. ఈ పిల్ల ఒక జిరాక్సు షాపులో పనిచేస్తూ, సాయంత్రం నేరుగా క్లాసుకొచ్చేది. మాట తక్కువ, పట్టు ఎక్కువ. చిప్స్ దొంతర ఒక్క చేత్తో విడగొట్టడం రాలేదని వేళ్ళు వాచేదాకా సాధన చేసి, మర్నాడు వేళ్ళకు బ్యాండేజీ చుట్టుకుని మళ్ళీ వచ్చి కూర్చుంది. ఇలాంటివాళ్ళంటే నాకు ప్రాణం. వాళ్ళ మీద అరవబుద్ధి కూడా ఎక్కువగా వేస్తుంది.

ఒకరోజు దేవదానం వచ్చాడు. తెల్ల చొక్కా, గోళ్ళ సందుల్లో ఇంజనాయిలు. టేబుల్‌కు దూరంగా, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మేడం, నా బిడ్డ పేక ముట్టుడు నాకు ఇష్టం లేదు. గది మొకం మీదనే చెప్తున్న. కని ఆమె ఇంటలేదు. ఒక్క పరీక్షకు పోనిస్త. అయితె అయింది. కాకుంటె మా పాస్టరయ్యగారు నల్లగొండల హాస్టల్ వార్డెన్ పని చూసిండు, అండ్ల చేరాలె."

అక్కడ ఆడేది లేదు, పంచేదే అని నేను చెప్పబోయాను. అన్నీ బిడ్డ చెప్పిందన్నాడు. సువార్త అతని వెనకే నిలబడి ఉంది. ఒక్కటే పరీక్ష, సరే నాయినా, అంది. ఎదురు చెప్పలేదు, బతిమాలలేదు. ఆ ఒప్పందం అక్కడే ఖాయమైపోయింది. వార్డెన్ ఉద్యోగం చెడ్డదని కాదు. ఆ పిల్లకు సముద్రం కావాలి, దేశాలు తిరిగే క్యాసినో ఓడ ఎక్కాలి, తన పేరుతో వచ్చే పాస్‌పోర్టు కావాలి. ఆ ఆశ ఇప్పుడు ఒక్క టేబుల్ టెస్ట్ మీద ఆగింది.

టేబుల్ టెస్ట్ అంటే క్యాసినోవాళ్ళే వచ్చి ఆటగాళ్ళలా కూర్చుని, అభ్యర్థి చేత పంచిస్తూ, సతాయిస్తూ చూసే పరీక్ష. గోవా నుంచి పోకర్ రూమ్ మేనేజర్ ఒకాయన, ఫెర్నాండెజ్ అని, సహాయకుణ్ణి వెంటబెట్టుకుని వస్తానన్నాడు. మా హౌస్‌లో డబుల్ బోర్డ్ ఆటకు గిరాకీ ఎక్కువ, అది బాగా నేర్పించండి అని ఫోన్‌లో చెప్పాడు. ఇంకేం, ఆ వారమంతా డబుల్ బోర్డే అరగదీశాం. ఒక్క బర్న్, పైన, కింద. ఒక్క బర్న్, పైన, కింద.

దీనితోపాటు నేను ప్రతి బ్యాచ్‌కూ కేకలేసి నేర్పే పాఠం ఒకటుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో చదివి వచ్చే పిల్లలకు ఒక అలవాటుంటుంది. పొద్దున ఒక కోచింగు, సాయంత్రం ఇంకో కోచింగు, ప్రతి చోటా తప్పుకు మార్కు కోత. దాంతో తప్పు చేయగానే, ఎవరూ చూడకముందే చెరిపేయాలన్న తొందర వాళ్ళ ఒంట్లోనే ఉంటుంది. ముక్క తప్పుగా పడిందా, గబుక్కున వెనక్కి లాగి కట్టలో దూర్చేస్తారు. పైగా ఇంట్లో రమ్మీ చూసి పెరిగినవాళ్ళు. అక్కడ పంపకం తేడా వస్తే అందరి ముక్కలూ లాక్కుని, కలిపేసి, మళ్ళీ పంచుతారు. మా పనిలో అది మహా నేరం. డీలర్ చెయ్యి వెనక్కి వెళ్ళిందంటే, ఎందుకు వెళ్ళిందో ఆటగాడికి తెలియదు, దొంగతనమే అనుకుంటాడు. అందుకే తప్పు జరిగిన క్షణాన కట్ట కింద పెట్టేయాలి, రెండు అరచేతులూ తెరిచి చూపించాలి, ఫ్లోర్ అని పిలవాలి. ఫ్లోర్ అంటే తీర్పు చెప్పే సూపర్‌వైజర్. ఎలా సరిచేయాలో డీలర్‌కు తెలిసినా సరే, సరిచేసే హక్కు డీలర్‌ది కాదు. క్లాసులో అందరూ తల ఊపేవారు. చేతులు మాత్రం మళ్ళీ వెనక్కే పోయేవి.

పరీక్ష రోజున బంద్ పడింది. బస్సులు సమ్మెతో ముందే లేవు, ఆ రోజు ఆటోలు కూడా లేవు. ఫెర్నాండెజ్, సహాయకుడు ముందురోజే వచ్చి ఎల్బీ నగర్‌లో హోటల్లో దిగారు. నా టేబుల్ ఎత్తుకుని అక్కడికి వెళ్ళలేను కాబట్టి వాళ్ళే నడిచి వచ్చారు. కోటు వేసుకుని, చెమటలు కక్కుతూ మెట్లెక్కిన ఫెర్నాండెజ్ నన్ను చూసి మొదట చెప్పిన మాట, దారిలో తాను నాలుగు చోట్ల జై తెలంగాణ అన్నానని. సువార్త మీర్‌పేట్ నుంచి నడిచి, వాళ్ళకంటే ముందే వచ్చి, కట్టలు సర్ది కూర్చుంది.

పంచే ముందు ఫెర్నాండెజ్ తమ హౌస్ రూల్స్ చెప్పాడు. రన్ ఇట్ ట్వైస్‌కు ఇద్దరూ నోటితో ఒప్పుకోవాలి. పై బోర్డు పూర్తి చేశాకే కింది బోర్డు. ప్రతి ముక్క ముందూ బర్న్. బోర్డు వరస తప్పిన అభ్యర్థిని తీసుకోం. ఫ్లోర్‌గా నన్నే ఉండమన్నాడు. ముందు ఇద్దరు కుర్రాళ్ళు పంచారు, బాగానే పంచారు. మూడోది సువార్త.

చాలాసేపు ఆమె చేతులు చూస్తుంటే నాకు కడుపు నిండింది. సహాయకుడు పొగరుబోతు ధనవంతుడి వేషం కట్టాడు. చిప్స్ విసిరాడు, ఆలస్యం చేశాడు, పేరు పెట్టి వెక్కిరించాడు. ఆమె చెక్కుచెదరలేదు. అప్పుడు బోర్డు మీద మూడు ముక్కలుండగా అతనూ ఫెర్నాండెజూ ఉన్న చిప్స్ అన్నీ తోశారు. రెండుసార్లు పంచమన్నారు. ఆమె ఇద్దరి చేతా నోటితో సరేననిపించుకుంది. బర్న్ చేసింది, నాలుగో ముక్క పైన పెట్టింది. ఆ వెంటనే, బర్న్ లేకుండా, తర్వాతి ముక్క కింద పెట్టేసింది.

వారమంతా అరగదీసిన డబుల్ బోర్డు చెయ్యి అది. ఫెర్నాండెజ్ వైపు చూశాను. ఆయన చిప్స్ దొంతరను చూస్తున్నాడు. సహాయకుడు తన వేషంలో తాను ఉన్నాడు. ఆ ముక్కను వేలితో వెనక్కి జరిపితే అయిపోతుంది. లేదా ఏమీ ఎరగనట్టు పంచుకుంటూ పోయినా అయిపోతుంది. నేను మాత్రం ఒక్క మాట కూడా అనకూడదు, పిలిస్తేనే ఫ్లోర్ మాట్లాడాలి.

సువార్త కట్ట కింద పెట్టింది. రెండు అరచేతులూ తెరిచింది. "ఫ్లోర్" అంది. తర్వాత, తాను కింది బోర్డు ముక్కను బర్న్ లేకుండా ముందే పెట్టానని, తప్పు తనదేనని తడబడకుండా చెప్పింది.

అప్పుడు గోల మొదలైంది. ఆ ముక్క సహాయకుడికి బాగా కలిసొచ్చింది. ముక్క పడిందంటే పడిందే, తీయడానికి వీల్లేదని టేబుల్ గుద్దాడు. వేషమో నిజమో నాకే తెలియలేదు. నేను వరస లెక్క చూశాను. పద్ధతి ప్రకారం అయితే పై బోర్డు అయిదో ముక్కకు ముందు ఒక బర్న్ పడాలి. ఇప్పుడు కింద పడ్డ ఈ ముక్క సరిగ్గా ఆ బర్న్ కావలసిందే. దాన్ని అలాగే తెరిచి పక్కన పెట్టి బర్న్‌గా లెక్కిస్తే, మిగతా కట్టలో ప్రతి ముక్కా తాను పడవలసిన చోటే పడుతుంది. ఆమె అక్కడే ఆగింది కాబట్టి అది సాధ్యమైంది. ఇంకొక్క ముక్క ముందుకు పోయి ఉంటే ఎవరి తరమూ కాదు. అదే తీర్పు చెప్పాను. నీ స్టూడెంట్ కాబట్టి అలా చెప్పావని సహాయకుడు అరిచాడు. వరస మీకు తెలుసు, లెక్కేసుకోండి అన్నాను. ఫెర్నాండెజ్ లెక్కేసి, తీర్పు సరైనదే అన్నాడు. సువార్త రెండు బోర్డుల్లోనూ మిగిలిన ముక్కలు వరసగా పరిచింది.

ఆ తర్వాత ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తీర్పు సరైనదే, అమ్మాయి మంచిదే, కానీ బోర్డు వరస తప్పింది, రూల్ రూలే, ఆ ఇద్దరు కుర్రాళ్ళనే తీసుకుంటానన్నాడు. సువార్త ఇంకొక్క ఆట పంచనివ్వమని అడిగింది. సాయంత్రం విమానం ఉంది, నడిచి వెళ్ళాలి, కుదరదన్నాడు.

బంద్ రోజు కొత్తవాళ్ళను వదిలేయలేక నేనూ వాళ్ళతో ఎల్బీ నగర్ దాకా బయల్దేరాను. సువార్త ఇంటి దారి కూడా అదే కాబట్టి ఆమె కూడా మాతో వచ్చింది. కొత్తపేట దాటుతుండగా ఫెర్నాండెజ్ నాతో మెల్లగా ఒక మాట చెప్పాడు. నిజానికి ఆ తప్పు తాము చూడలేదట. ఆమె చెప్పేదాకా తెలియదట.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అంటే నోరు మూసుకుని ఉంటే పాసయ్యేదన్నమాట" అన్నాను. ఆయన దాచలేదు. అవును, పాసయ్యేది, కానీ తెలిసిపోయాక తెలియనట్టు నేనెలా ఉంటాను అన్నాడు. అది న్యాయమేనని తెలిసి నాకు కోపం ఇంకా పెరిగింది. రోడ్డు మీదే గట్టిగా ఏదో అనబోతుంటే సువార్త నా చెయ్యి పట్టుకుంది.

"పోనీయండి మేడం. అట్ల పాసైతె నా చేతికి అదే అలవాటైతది."

ఆ మాట నమ్మి చెప్పింది, నన్ను ఓదార్చడానికి కాదు. ఆ రోజు రాత్రికి నాన్నకు ఏం చెప్పాలో ఆమెకు తెలుసు. నల్లగొండ వార్డెన్ ఉద్యోగమూ తెలుసు. అయినా తల వంచుకుని నడవలేదు. నాకే ఏడుపొచ్చింది.

ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గర రోడ్డుకు అడ్డంగా షామియానా వేశారు. వంటా-వార్పు జరుగుతోంది. ఉద్యమంలో అదొక పద్ధతి. సమ్మెలో ఉన్నవాళ్ళు నడిరోడ్డు మీదే పొయ్యి వెలిగించి, వండి, అక్కడే తింటారు. అన్నం ఉడికేలోగా కొందరు పాటలు పాడుతుంటే, కొందరు బొంత పరుచుకుని పేకాడుతున్నారు. ఆర్టీసీ డిపోవాళ్ళ గుంపు అది. పెద్ద గిన్నె దగ్గర గరిటె పట్టుకుని దేవదానం నిలబడి ఉన్నాడు. మమ్మల్ని ఎవరూ ముందుకు పోనివ్వలేదు, తిని పోవాలన్నారు. అన్నానికి ఇంకా టైముంది. కోటు విప్పి ఫెర్నాండెజ్ బొంత అంచున కూర్చున్నాడు.

సువార్త తండ్రి వైపు ఒకసారి చూసింది. తర్వాత ఫెర్నాండెజ్ ముందు కూర్చుని, ఎలాగూ అన్నం అయ్యేదాకా పనిలేదు కాబట్టి ఒక్క ఆట పంచనివ్వండి అని హిందీలో అడిగింది. ఫలితం మారదని ఆయన ముందే చెప్పాడు. మారదని తెలుసంది. మరి ఎందుకని అడిగాడు. నా చేతికి తెలియాలి అంది.

డిపోవాళ్ళ దగ్గర ఉన్నది రెండు కట్టలు కలిపిన రమ్మీ పేక. ఆమె వెనక రంగులు చూసి ఎర్రవీ నీలివీ విడదీసి, జోకర్లు ఏరి పక్కన పెట్టి, ఒక కట్ట సిద్ధం చేసింది. చిప్స్ లేవు. కూరగాయల దగ్గర్నుంచి ఎవరో గుప్పెడు చిక్కుడుకాయలు తెచ్చి పోశారు. సహాయకుడూ ఫెర్నాండెజూ ఎదురెదురుగా కూర్చున్నారు. చుట్టూ జనం మూగారు. దేవదానం గరిటె కింద పెట్టలేదు, దగ్గరికి రాలేదు, చూపు మాత్రం తిప్పుకోలేదు. చర్చి పెద్దమనిషి కూతురు నడిరోడ్డు మీద పేక పంచుతోంది. ఆ మనిషి కడుపులో ఏముందో ముఖం మీద కనిపించలేదు.

మూడు ముక్కలు పడ్డాయి. చిక్కుడుకాయలన్నీ మధ్యలోకొచ్చాయి. ఇద్దరూ రెండుసార్లు అన్నారు. ఆమె బర్న్ చేసి నాలుగోది పైన పెట్టింది. మళ్ళీ బర్న్ చేసి అయిదోది పైనే పెట్టింది. పై బోర్డు ఎవరిదో గట్టిగా చెప్పింది. ఇంతలో పక్కనే కూర్చున్న నర్సయ్య అనే పెద్దాయన, దేవదానంతో పనిచేసే కండక్టరు, చెయ్యి చాచి బర్న్ ముక్కల్లో ఒకటి ఎత్తి చూశాడు.

"గీ ముక్క ఎందుకు పారేసినవ్ బిడ్డా? మంచి రాణి గద" అని అందరికీ చూపించాడు. తలా ఒక మాట. ఆ రాణిని కిందికి ఇయ్యమని ఒకరు, అంతా కలిపి మళ్ళీ పంచమని ఇంకొకరు. సహాయకుడు కూడా వేషం లేకుండానే ఆ రాణి నాదన్నాడు.

సువార్త కట్ట బొంత మీద పెట్టింది. అరచేతులు రెండూ తెరిచింది.

"పెద్దనాయినా, గది ముట్టద్దు. ఆడేటోళ్ళు ముట్టద్దు, చూసేటోళ్ళు ముట్టద్దు. తప్పయినంక నేను గూడ ముట్టద్దు. ఫ్లోర్ చెప్పాలె." అని నా వైపు చూసింది.

నాకు చిక్కొచ్చి పడింది. మా నాన్నది గుడివాడ వైపు. ఇంట్లో మాట్లాడే యాసే నా నోట ఉండిపోయింది. అంతసేపూ ఆ షామియానా కింద నోరు మెదపకుండా కూర్చున్నాను. ఇప్పుడు అందరి మధ్యా తీర్పు చెప్పాలి. చెప్పాను. బర్న్ ముక్కను అందరూ చూశారు కాబట్టి అది తెరిచే ఉంటుంది, ఆటలోకి మాత్రం రాదు, మిగతా కట్ట కదల్లేదు కాబట్టి ఆట సాగాలి అన్నాను. నర్సయ్య నన్ను తేరిపార చూసి, మీది విజయవాడనా మేడం అని అడిగాడు. నాన్నది అటువైపే, నేను పుట్టింది మాత్రం సరూర్‌నగర్‌లో అన్నాను.

"పుట్టింది ఈడనే అయితె తీర్పు నడుస్తది" అని ఆయన రాణిని తెచ్చి బొంత మీద పెట్టాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సువార్త మళ్ళీ కట్ట తీసుకుంది. బర్న్ చేసింది, కింద నాలుగోది. బర్న్ చేసింది, కింద అయిదోది. కింది బోర్డు ఫెర్నాండెజ్‌ది. చిక్కుడుకాయలు సగం అటు, సగం ఇటు నెట్టి, చేతులు దులిపి చూపించి లేచింది.

ఫెర్నాండెజ్ తన వంతు చిక్కుడుకాయలు పక్కకు జరిపాడు. తర్వాత అందరికీ వినబడేలా హిందీలో చెప్పాడు. పొద్దుటి ఫలితం తాను మార్చడు. కానీ గోవాలో వాళ్ళ సొంత స్కూల్లో మళ్ళీ టేబుల్ టెస్ట్ ఉంది, దానికి ఆమెను తానే పిలిపిస్తాడు. ఇది విని నాకు సంతోషం కలగలేదు. ఒక్క పరీక్ష అన్న ఒప్పందం నా ఎదుటే జరిగింది. మాట తప్పి ఇంకో అవకాశం ఇమ్మని సువార్త తండ్రిని అడగదని నాకు తెలుసు.

దేవదానం గరిటె పక్కన పెట్టి వచ్చాడు. కూతుర్నే అడిగాడు.

"పొద్దున ఏమైంది?"

"తప్పు చేసిన నాయినా. రెండో బోర్డు ముక్క ముందుగాల్నే పెట్టిన."

"ఎవలు పట్టిండ్రు?"

"ఎవ్వలు పట్టలే. నేనే చెప్పిన."

అతను బొంత మీద పరిచి ఉన్న రెండు వరసల ముక్కల్నీ చూశాడు. వంగి ముట్టుకోలేదు. భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, గోవాకు ఏ దారిన పోవాలి మేడం అని అడిగాడు. రైలుంది, బస్సు కూడా ఉంది అన్నాను. తల ఊపి కూతురితో చెప్పాడు.

"బస్సులు నడవనియ్ బిడ్డా. నేనే తోల్కపోత."

సువార్త అప్పుడు ఏడ్చింది. పొద్దుటి నుంచీ ఏడవని పిల్ల, నర్సయ్య పెద్దనాయన భుజం పట్టుకుని ఏడ్చింది. మేమంతా ఆ రోడ్డు మీదే కూర్చుని అన్నం తిన్నాం. ఫెర్నాండెజ్ పచ్చిపులుసు రెండోసారి వేయించుకున్నాడు.

సమ్మె ముగిశాక దేవదానం సెలవు పెట్టి ఆమెను గోవా తీసుకెళ్ళాడు. ఆమె పాసయింది. కొన్నాళ్ళకు ఓడ కూడా ఎక్కింది. ఇప్పుడు తానే ఫ్లోర్. ఈ సంగతి రాస్తున్నానని ఫోన్ చేస్తే, తప్పు చేసిన భాగం కూడా రాస్తున్నారా అని అడిగి, రాయండి, వరస మాత్రం కరెక్టుగా రాయండి అంది.

ఆ రోజు తర్వాత నా క్లాసు మారింది. ఇదివరకు మొదటిరోజు ముక్కలు కలపడం నేర్పేదాన్ని. ఇప్పుడు మొదటిరోజు నేనే కావాలని వరస తప్పిస్తాను, కట్ట కింద పెడతాను, చేతులు తెరుస్తాను, ఒక్కొక్కరి చేతా అదే చేయిస్తాను. సిగ్గుపడేవాళ్ళు ఉంటారు, నవ్వేవాళ్ళు ఉంటారు. వదలను. పంచడం ఎవరికైనా వస్తుంది, కొంచెం ముందో వెనకో. ఆగడం రావడానికే రోజులు పడతాయి.

ఇప్పటికీ కొందరు తల్లిదండ్రులు పిల్లల్ని చేర్చడానికి వచ్చి, మావాడు ఒక్క తప్పు కూడా చేయడు మేడం అంటారు. చేసినప్పుడు ఏం చేస్తాడు అని అడుగుతాను. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. వెనక నిలబడ్డ పిల్లవాడు మాత్రం తల ఎత్తి నా వైపు చూస్తాడు. అప్పుడు వాడికి కుర్చీ వేస్తాను.